పెట్టేది ఎప్పుడు, ఆపేది ఎక్కడ: హైదరాబాద్‌లో ఉంటూ వేసిన ఒక స్పౌజ్ వీసా కేసు

భర్త అమెరికా పౌరుడు. చిన్నప్పుడే అమ్మానాన్నలతో డాలస్ వచ్చి, అక్కడే చదువుకుని, ఉద్యోగంలో చేరి, 2021లో కంపెనీ పంపిస్తే హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లారు. భార్యది తెనాలి దగ్గర పల్లెటూరు. ఫార్మసీ అయ్యాక యూకేలో ఎమ్మెస్సీ చేసి, కొన్నాళ్లు అక్కడే పనిచేసి తిరిగొచ్చారు. 2023 ఫిబ్రవరిలో పెళ్లి, కొండాపూర్‌లో కాపురం. 2025 ఆగస్టులో డాలస్ తిరిగొచ్చేయాలన్నది ప్లాన్, అందుకు భార్యకి గ్రీన్ కార్డ్ తెచ్చే వీసా కావాలి. మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. కేసులో ఏ మెట్టుకీ ఏ మెట్టుకీ మధ్య ఎంత కాలం పట్టిందన్నది మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసంతా దాని గురించే.

ఇలాంటి వీసా కేసులు చూడటం నా పని. 2023 ఏప్రిల్‌లో మొదటి కాల్. ఆయన హైదరాబాద్ నుంచి, వాళ్లమ్మగారు డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి లైన్లో ఉన్నారు. ఆయన అడిగింది ఒకటే: "వెళ్లేది 2025లో కదండీ, 2024 చివర్లో ఫైల్ చేస్తే సరిపోదా?" తొందరపడి వేస్తే వీసా ముందే వచ్చేస్తుందని, వచ్చాక ఆర్నెల్లలో వెళ్లకపోతే పోతుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. చెప్పినవాళ్లది అబద్ధం కాదు, సగం నిజం. విదేశంలో కాపురం ఉన్న జంటలు టైమింగ్‌లో దెబ్బతినేది ఎక్కువగా ఈ సగం నిజం దగ్గరే.

నేను వెంటనే వేయమన్నాను. కారణం ఇది. భార్య కోసం వేసే పిటిషన్, అంటే ఐ-130, ముందు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఎంత కాలం పడుతుందో మన చేతిలో ఉండదు. ఆ రోజుల్లో ఏడాది దాటడం మామూలే. తొందరపెట్టలేం, ఆపలేం. అప్రూవ్ అయ్యాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే ఎన్‌వీసీకి వెళ్తుంది. మన చేతికి బ్రేకు దొరికేది ఇక్కడే. ఫీజు కట్టే వరకు, వీసా దరఖాస్తు డీఎస్-260 నింపే వరకు, కాగితాలు అప్‌లోడ్ చేసే వరకు ఫైలు అంగుళం కదలదు. నోటీసు వచ్చాక ఏడాది పాటు ఏ చలనమూ లేకుండా వదిలేస్తే మాత్రం కేసు మూసేసే ప్రమాదం ఉంది. అంతకుముందే ఏదో ఒక అడుగు వేస్తుంటే చాలు. కాగితాలన్నీ సరిపోయాయని ఎన్‌వీసీ తేల్చాక ఇంటర్వ్యూ తేదీ వాళ్లే ఇస్తారు, అప్పుడు మళ్లీ మన చేతిలో ఏమీ లేదు. మెడికల్, అంటే వీసా కోసం చేసే వైద్య పరీక్ష, అయిన దగ్గర్నుంచి గడువు లెక్క మొదలవుతుంది. వీసాకి మామూలుగా ఇచ్చే గరిష్ఠ గడువు ఆరు నెలలు, అది మెడికల్ గడువు దాటి పోదు.

కాబట్టి ఆలస్యం చేయాలనుకుంటే ఎన్‌వీసీ దగ్గర చేయాలి, ఫైలింగ్ దగ్గర కాదు. ముందే అప్రూవ్ అయిన పిటిషన్ బీరువాలో ఉన్నా నష్టం లేదు. 2024 చివర్లో వేసి, అది 2026 దాకా లాగితే, డాలస్‌లో ఆయనా కొండాపూర్‌లో ఆమే.

ఈలోగా వాళ్లమ్మగారు అందుకున్నారు. "బాబూ, కోడలికి విజిటర్ వీసా ఉంది కదా. దాని మీద తీసుకొచ్చేసి ఇక్కడే గ్రీన్ కార్డ్‌కి పెట్టేస్తే పోలేదా? మా పక్కింటివాళ్లు అలాగే చేశారు." పక్కింటివాళ్ల కేసు ప్రతి కాల్‌లోనూ వస్తుంది. "అమ్మా, ఇక్కడే ఉండిపోవాలని ముందే అనుకుని, చూసి వెళ్తామని చెప్పి విమానం దిగితే అది అబద్ధం చెప్పి వచ్చినట్టు. పట్టుకుంటే ఆ మచ్చ జన్మంతా ఫైల్లో ఉంటుంది," అన్నాను. ఆవిడ ఒప్పుకున్నట్టు నాకనిపించలేదు గానీ మళ్లీ అడగలేదు.

కాన్సులేట్‌లోనే నేరుగా ఐ-130 తీసుకుంటారట కదా అని ఆయన అడిగారు. తీసుకోవచ్చు, కానీ అసాధారణ పరిస్థితులకే. ఉన్నపళంగా అమెరికాలో ఉద్యోగంలో చేరమని ఆర్డర్ వస్తే అదొక కారణం. రెండేళ్ల ముందు నుంచి క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్న బదిలీ అసాధారణం ఎలా అవుతుంది?

2023 జూన్‌లో ఆన్‌లైన్‌లో ఫైల్ చేశాం. అప్పటి ఫీజు 535 డాలర్లు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 625, కాగితం మీద 675. పెళ్లి ఫొటోలు, జాయింట్ అకౌంట్, అద్దె అగ్రిమెంట్, ఇద్దరి పేర్లతో ఆరోగ్య బీమా జతచేశాం. కలిసి కాపురం చేస్తున్న జంటకి ఈ భాగం తేలిక. ఫోన్ల మీద సంసారం నడిపే జంటలతో పోలిస్తే వీళ్లకున్న లాభం ఇదే. రిజిస్ట్రేషన్ పెళ్లయిన మూడు నెలలకి చేయించారు, మరి సర్టిఫికెట్‌లో ఏ తేదీ లెక్క అని అడిగారు. హిందూ వివాహ చట్టం కింద తాళి కట్టిన పెళ్లికి రిజిస్ట్రేషన్ సాక్ష్యం మాత్రమే. లెక్క పెళ్లి తేదీదే. ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమో తర్వాత వస్తుంది.

ఎదురుచూపుల ఏడాదిలో చేయించిన పనులు

క్లయింట్లు ఐ-130 వేసి, "ఇంక చేసేదేం లేదు కదా" అంటారు. అసలు పని అప్పుడే.

మొదటిది పన్నులు. తొలి కాల్‌లోనే టాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు పంపమన్నాను. 2020 తర్వాత రిటర్నులే లేవు. "ఇండియాలో టీడీఎస్ కట్ అవుతోంది కదండీ" అన్నారు. అమెరికా పౌరుడు ఎక్కడున్నా, అక్కడ పన్ను కట్టినా, ఆదాయం పరిమితి దాటితే అమెరికాలో రిటర్న్ వేయాల్సిందే. కట్టాల్సింది సున్నా కావచ్చు, వేయకపోవడం తప్పు. భార్యని స్పాన్సర్ చేసే ఐ-864 ఫారానికి తాజా రిటర్న్ జతచేయాలి. కావాలని ఎగ్గొట్టలేదు కాబట్టి విదేశాల్లో ఉండేవాళ్ల స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతిలో సీపీఏ, అంటే పన్నుల అకౌంటెంట్, సరిచేశారు. ఆ పద్ధతిలో మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు చూపాలి. ఎఫ్‌బార్ అంటే విదేశీ ఖాతాల రిపోర్టు, అన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే వేయాలి. శాలరీ అకౌంట్ గుర్తుంది. నానమ్మ పేరుతో కలిపి ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గుర్తులేదు. పెద్దావిడ డబ్బే అయినా, ఖాతా మీద ఈయన పేరుంది కాబట్టి అదీ లెక్కే. ఇదంతా తేలి, ట్రాన్‌స్క్రిప్టులు సిస్టమ్‌లో కనబడేసరికి నెలలు పట్టింది. ఎన్‌వీసీ దగ్గర మొదలుపెట్టి ఉంటే ఆ నెలలు అక్కడ పోయేవి.

రెండోది జనన ధ్రువీకరణ. ఆమె ఇంట్లో పుట్టారు, పంచాయతీ రిజిస్టర్లో నమోదు లేదు. పుట్టినప్పుడు రాయించని జననాన్ని ఇప్పుడు కొత్తగా రాయించి, నిన్నటి తేదీ ఉన్న సర్టిఫికెట్ ఒక్కటే పెడితే ఆఫీసర్‌కి అనుమానం రావడం సహజం. రికార్డు లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు పదో తరగతి మెమో, తల్లిదండ్రుల అఫిడవిట్లు తయారు చేయించాం. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. అఫిడవిట్‌లో రెండు పేర్లూ ఒక్కరివే అన్న వాక్యం పెట్టించాను, డీఎస్-260లో ఇతర పేర్ల గడిలో మెమోలో ఉన్నది ఉన్నట్టు రాయించాను. తెలుగువాళ్ల ఫైళ్లలో ఇంటిపేరు తెచ్చే తలనొప్పి ఇంకేదీ తేదు.

పోలీసు సర్టిఫికెట్లు మాత్రం ఈ ఏడాదిలో తీసుకోవద్దన్నాను. అవి రెండేళ్లకి పాతబడతాయి, పైగా ఇండియాలో ఉంటూనే ఉంటారు కాబట్టి ఇండియా పోలీసు సర్టిఫికెట్ (పీసీసీ) తాజాగా ఉంటేనే మంచిది. యూకేలో 12 నెలలకి మించి ఉన్నారు కాబట్టి అక్కడి పోలీసు సర్టిఫికెట్, అంటే ఆక్రో, కూడా కావాలి. రెండూ 2024 నవంబరులో తెప్పించాం.

మధ్యలో పాప

2024 మార్చిలో పాప పుట్టింది. "పాపకి కూడా ఇంకో ఐ-130 వేయాలా?" అని కంగారు. అక్కర్లేదు. పెళ్లయిన జంటలో ఒకరు అమెరికా పౌరులు, రెండోవారు కాకపోతే, ఆ పౌరులైనవారు బిడ్డ పుట్టకముందు అమెరికాలో ఐదేళ్లు, అందులో రెండేళ్లు పద్నాలుగేళ్ల వయసు తర్వాత, ఉండి ఉంటే బిడ్డ పుట్టుకతోనే పౌరురాలు. ఈయన స్కూలు, కాలేజీ రికార్డులతోనే అది తేలిపోయింది. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో సీఆర్‌బీఏ (విదేశంలో పుట్టిన అమెరికా పౌరులకి ఇచ్చే జనన పత్రం), పాస్‌పోర్టు రెండూ చేయించారు.

అందరూ మర్చిపోయేది ఆ తర్వాతిది. ఇండియాలో పుట్టిన బిడ్డ చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది, అందులో ఇండియా వీసా ఉండదు. విదేశీయుల నమోదు ఆఫీసు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ నుంచి ఎగ్జిట్ పర్మిట్ గానీ, భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు గానీ లేకుండా శంషాబాద్ ఇమిగ్రేషన్ కౌంటర్ దాటనివ్వరు. తల్లికి వీసా వచ్చి, టికెట్లు కొని, పసిబిడ్డ దగ్గర ఆగిపోయిన కుటుంబాలని చూశాను. వీళ్ల చేత ఓసీఐకి ముందే పెట్టించాను.

పాప రాకతో స్పాన్సర్‌షిప్ లెక్క కూడా మారింది. ఇంట్లో ఇద్దరు కాదు, ముగ్గురు. పేదరికపు రేఖకి 125 శాతం ఆదాయం చూపాలి. 2025 అంకెల ప్రకారం ముగ్గురికి 33,312 డాలర్లు.

బ్రేకు

2024 ఆగస్టులో ఐ-130 అప్రూవ్ అయింది. ఆయన హుషారుగా ఉన్నారు. "వెంటనే ఫీజు కట్టేద్దాం సర్, జనవరికల్లా వీసా వచ్చేస్తుంది. ఒకసారి వెళ్లి స్టాంప్ వేయించుకుని వచ్చేస్తే సరి, మిగతాది ఆగస్టులో చూసుకుందాం."

ఇక్కడే ఆగమన్నాను. గ్రీన్ కార్డ్ అమెరికాలో కాపురం ఉండటానికి. సామాన్లు సర్దుకోవడానికి ఒకటి రెండు నెలలు వెనక్కి వెళ్లడం వేరు, కొండాపూర్‌లో కాపురం అలాగే ఉంచి కార్డు మాత్రం జేబులో పెట్టుకోవడం వేరు. ఆర్నెల్లు దాటి బయట ఉంటే పౌరసత్వం లెక్కలో ప్రశ్నలొస్తాయి, ఏడాది అయితే కార్డుతో తిరిగి రావడమే కష్టం. రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది గానీ, దానికి అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి, వేలిముద్రలివ్వాలి. చంటిబిడ్డతో అదంతా ఎందుకు? (ఆయన్ని కంపెనీ ఇంకా ఏళ్ల తరబడి ఇండియాలోనే ఉంచేట్టయితే, అమెరికా కంపెనీ పని మీద విదేశంలో ఉన్న పౌరుల భార్యాభర్తలకి త్వరగా పౌరసత్వం ఇచ్చే 319(బి) అనే సెక్షన్ ఉంది. అది వేరే కథ, తిరిగొచ్చేస్తున్న వీళ్లకి వర్తించదు.)

రెండో కారణం పెళ్లి తేదీ. అమెరికాలో అడుగుపెట్టే రోజుకి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది సీఆర్1, రెండేళ్ల షరతు కార్డు. ఆ గడువు తీరేముందు 90 రోజుల్లో, షరతు తీసేయమని అడిగే ఐ-751 వేయాలి, 750 డాలర్ల ఫీజు, మళ్లీ ఫొటోలు, మళ్లీ జాయింట్ అకౌంట్లు, మళ్లీ నెలల తరబడి ఎదురుచూపు. రెండేళ్లు నిండితే ఐఆర్1, పదేళ్ల కార్డు. వీళ్లకి 2025 ఫిబ్రవరితో రెండేళ్లు నిండుతాయి. ఎలాగూ ఆగస్టులో వెళ్లేవాళ్లు జనవరిలో దూకి షరతు కార్డు తెచ్చుకోవడంలో అర్థం లేదు. అలాగని రెండేళ్ల కోసమే వెళ్లాల్సినవాళ్లని ఆపమని నేను చెప్పను. భర్త అక్కడ, భార్య ఇక్కడ ఉంటే ఐ-751 కష్టం దూరం కష్టం కంటే చిన్నది.

మూడో కారణం ఆమె ఆరోగ్యం. మొదట్లోనే అందరినీ అడిగే ప్రశ్న ఆమెనీ అడిగాను: ఎప్పుడైనా టీబీ మందులు వాడారా? ఇంటర్ చదివేటప్పుడు ఆర్నెల్లు వాడారట. ఆ సమాధానం నా లెక్కనంతా మార్చింది. ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపిస్తే ప్యానెల్ డాక్టర్, అంటే వీసా మెడికల్ చేయడానికి అమెరికా గుర్తించిన డాక్టర్, మూడు రోజులు కఫం తీసి కల్చర్‌కి, అంటే టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి, పంపుతారు. కల్చర్‌కి ఎనిమిది వారాలు. ఫలితం నెగెటివ్ వచ్చినా అలాంటివాళ్ల మెడికల్ గడువు ఆరు నెలలు కాదు, మూడు నెలలే. వీసా కూడా అంతే.

అందుకని రెండు దారులు వేసి చూశాను. మెడికల్ శుభ్రంగా ఉంటే ఆరు నెలల వీసా. లేకపోతే రెండు నెలల నిరీక్షణ, తర్వాత మూడు నెలల వీసా. రెండింట్లో ఏది జరిగినా ఆగస్టు ఆ వీసా గడువులో పడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇంటర్వ్యూ వస్తే రెండూ సరిపోతాయి. ఫిబ్రవరిలో వచ్చి, కల్చర్ అవసరం పడితే వీసా జులైలోనే అయిపోతుంది. జులైలో వస్తే కల్చర్ ఫలితం సెప్టెంబరులో, ఆయన ఉద్యోగం మాత్రం ఆగస్టులో. ఇంటర్వ్యూ తేదీ మనమివ్వలేం గానీ, ఎన్‌వీసీకి కాగితాలు ఎప్పుడు పూర్తి చేస్తామో మన ఇష్టం. ఇంటర్వ్యూ జరిగే ముంబయి కాన్సులేట్‌లో అప్పట్లో పడుతున్న వ్యవధి చూసి, ఫీజులు (వీసాకి 325, స్పాన్సర్ అఫిడవిట్ అయిన ఐ-864కి 120 డాలర్లు) శరదృతువులో కట్టించి, కాగితాలు డిసెంబరులో అప్‌లోడ్ చేశాం. జనవరిలో కేసు పూర్తయినట్టు మెయిల్ వచ్చింది.

ఆ కాగితాల్లో బరువైనది ఐ-864. ఆయనకి ఇండియాలో మంచి జీతమే. కానీ అమెరికా వెళ్లాక అదే చోటి నుంచి కొనసాగని ఆదాయం లెక్కలోకి రాదు. పైగా విదేశీ జీతానికి మినహాయింపు తీసుకున్నారు కాబట్టి రిటర్న్‌లో మొత్తం ఆదాయం గీత దగ్గర కనబడేది నామమాత్రమే. కంపెనీ బదిలీ ఉత్తరం ఉంది, అయినా దాని మీదే ఆధారపడటం నాకిష్టం లేదు. ఫ్రిస్కోలో ఉన్న ఆమె మామగారి చేత జాయింట్ స్పాన్సర్‌గా ఇంకో ఐ-864 పెట్టించాం. ఆయన, అత్తగారు, కోడలు కలిపి ఆ ఇంటి లెక్కా ముగ్గురే.

జాయింట్ స్పాన్సర్ ఉంటే చాలు, భర్త ఎక్కడుంటే ఏంటి అనుకుంటారు. కుదరదు. పిటిషన్ వేసినవాళ్లకి అమెరికాలో నివాసం ఉండాలి, లేదా భార్యతో పాటు గానీ, భార్య కంటే ముందు గానీ తిరిగి కాపురం పెడుతున్నట్టు రుజువులుండాలి. బదిలీ ఉత్తరం, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, మూయని బ్యాంకు ఖాతా, విదేశం నుంచే ఓటేసిన రికార్డు, మొదట్లో తమ ఇంట్లో ఉంటారని మామగారి ఉత్తరం, కొండాపూర్ ఇల్లు ఖాళీ చేస్తున్నట్టు ఓనర్‌కి ఇచ్చే నోటీసు ముసాయిదా, ఇవన్నీ ఒక పేజీ వివరణతో కట్ట కట్టాం. విదేశంలో ఉండి భార్యకి వేసే కేసుల్లో కాన్సులేట్ ఎక్కువగా ఆపేది ఇక్కడేనని నా అనుభవం.

ముంబయి

ఇంటర్వ్యూ 2025 మే మొదట్లో వచ్చింది. మెడికల్ ఏప్రిల్ మధ్యలో ముంబయిలోనే. ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించింది, కఫం పరీక్షలు మొదలయ్యాయి. వరుసగా మూడు ఉదయాలు శాంపిల్ ఇవ్వాలి కాబట్టి ఒక్కరోజు పని అనుకుని వెళ్లొద్దని, పాపతో ఉండటానికి వీలున్న చోటు ముందే బుక్ చేసుకోమని చెప్పి ఉన్నాను. పాత మందుల చీటీలు తెనాలిలో వాళ్ల నాన్నగారు దాచి ఉంచారు, అవి డాక్టర్‌కి బాగా పనికొచ్చాయి.

ఇంటర్వ్యూ చిన్నదే. ఎలా కలిశారు, ఆయన ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు, డాలస్‌లో ఎక్కడ ఉంటారు. చివర్లో చేతిలో 221(జి) కాగితం పెట్టారు. బయటికొచ్చి ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో టెన్షన్ అంతా ఇంతా కాదు. "రిజెక్ట్ చేశారండీ" అన్నారు. ఫొటో తీసి పంపమన్నాను. టిక్కు పడింది మెడికల్ రిపోర్టు గడి దగ్గర ఒక్కచోటే. అఫిడవిట్ అడగలేదు, నివాసం రుజువులు అడగలేదు. చట్టం భాషలో అది తిరస్కరణే, వాడుకలో మాత్రం పెండింగ్. రిపోర్టు అందగానే ముందుకెళ్తుంది.

జూన్ మధ్యలో కల్చర్లు నెగెటివ్ వచ్చాయి. నెలాఖరుకి పాస్‌పోర్టు చేతికొచ్చింది. వీసా గడువు సెప్టెంబరు మధ్య వరకు, మెడికల్ పూర్తయిన నాటి నుంచి మూడు నెలలు. ఎన్‌వీసీ కాగితాల్లో సీఆర్1 అని ఉన్నది వీసా మీద ఐఆర్1గా మారింది. ఒకవేళ సీఆర్1 అనే వచ్చినా, దిగే రోజుకి రెండేళ్లు నిండి ఉంటే విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ తనిఖీ చేసే సీబీపీ ఆఫీసర్‌కి పెళ్లి సర్టిఫికెట్ చూపించి మార్పించుకోవచ్చు. అక్కడ చెప్పకుండా వచ్చేస్తే తర్వాత కార్డు సరిచేయించుకోవడం పెద్ద పని.

యూఎస్‌సీఐఎస్ ఇమ్మిగ్రెంట్ ఫీజు 235 డాలర్లు ఆన్‌లైన్‌లో కట్టి, ఆగస్టు మొదటి వారంలో ముగ్గురూ కలిసి బయల్దేరారు. డాలస్ విమానాశ్రయం డీఎఫ్‌డబ్ల్యూలో వేసిన స్టాంపుతో ఆ వీసానే ఏడాది పాటు గ్రీన్ కార్డ్‌గా చెల్లుతుంది కాబట్టి, కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగకుండా ఆమె ఫార్మసీ లైసెన్సు పని మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆమె అడుగుతున్నది చెల్లెలి పెళ్లికి తెనాలి వెళ్లి ఎన్నాళ్లు ఉండొచ్చని. మూడు నాలుగు నెలలైతే ఫర్వాలేదు, ఆర్నెల్లు మాత్రం దాటొద్దన్నాను. దాటకపోతే అమెరికా పౌరుల భార్యాభర్తలకి ఉన్న మూడేళ్ల నిబంధన కింద పౌరసత్వానికి 2028 మేలో పెట్టుకోవచ్చు.